చేయని అప్పు

2010 నవంబరు 27, శనివారం. డబ్లిన్‌లో లిఫీ నది ఒడ్డున, వుడ్ కీ దగ్గర జనం మధ్య నిలబడి ఉన్నారు మీరు. చలి ఎముకల్లోకి దిగుతోంది. జేబులోంచి చెయ్యి తీస్తే వేళ్లు కొంకర్లు పోతున్నాయి. తీయకపోతే ప్లకార్డు పట్టుకోవడం కుదరదు. ఎటు చూసినా రెండు కర్రల మధ్య గుడ్డ పరిచిన యూనియన్ బ్యానర్లు. వాటి కింద టీచర్లు, నర్సులు, కార్మికులు, పని పోయిన మేస్త్రీలు, చదువు పూర్తవుతూనే విమానం ఎక్కాల్సిందేనని తేలిపోయిన కుర్రాళ్లు. పిల్లల్ని భుజాల మీద కూర్చోబెట్టుకున్న తండ్రులు, ఊతకర్ర పట్టుకుని ఒక్కో అడుగే వేస్తున్న ముసలివాళ్లు కూడా ఉన్నారు.

ఊరేగింపు కదిలింది. నది మీదుగా వచ్చే గాలి ముఖాన కొడుతోంది. పక్కన నడిచేవాళ్ల మాటల్లో పది రోజులుగా విన్నవే మళ్లీ మళ్లీ వస్తున్నాయి. వాళ్ల ప్రభుత్వం నిన్నమొన్నటి దాకా బయటి సాయం అక్కర్లేదని చెబుతూ వచ్చింది. 18వ తేదీ ఉదయం కేంద్ర బ్యాంకు గవర్నర్ పాట్రిక్ హోనహన్ ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రేడియోకి ఫోన్ చేసి, వేల కోట్ల యూరోల అప్పు రాబోతోందని చెప్పేశాడు. దేశం తాకట్టులోకి వెళ్తున్న సంగతి జనానికి అలా తెలిసింది, పొద్దున్నే టీ తాగుతూ, పిల్లల్ని బడికి తయారు చేస్తూ. 24న ప్రభుత్వం నాలుగేళ్ల ప్రణాళిక బయటపెట్టింది. అందులో కోతలు, పన్నులు కలిపి 1,500 కోట్ల యూరోలు. కనీస వేతనం గంటకు 8 యూరోల 65 సెంట్ల నుంచి ఒక యూరో తగ్గుతుంది. అప్పటి లెక్కలో యూరో అంటే దాదాపు 60 రూపాయలు. హోటల్లో గిన్నెలు తోమే మనిషి, ఆఫీసులు ఊడ్చే మనిషి గంట గంటకూ ఆ 60 రూపాయలు వదులుకోవాలి. ఎందుకు? బ్యాంకులు మునిగాయి కాబట్టి.

ఓకానల్ వంతెన దాటి అదే పేరున్న వీధిలోకి మళ్లగానే ముందున్న జనం ఎంతమందో మొదటిసారి కనబడుతుంది. వీధి ఈ చివర నుంచి కనుచూపు ఆనినంత మేరా తలలే. పోలీసులు 50 వేలంటారు, యూనియన్లు దానికి రెట్టింపు చెబుతాయి. రెండు చేతులూ పైకెత్తిన జిమ్ లార్కిన్ విగ్రహం ఆ తలల మధ్య నిలబడి ఉంది. 1913లో యజమానులు గేట్లు మూసేసి కార్మికులను వీధిలోకి నెట్టినప్పుడు వాళ్ల ముందు నిలబడిన నాయకుడాయన. కాస్త ముందుకెళ్తే పెద్ద తపాలా కార్యాలయం, 1916లో స్వాతంత్ర్య ప్రకటన చదివిన చోటు. దాని రాతి స్తంభాల మీద ఆనాటి తూటాల గుర్తులు ఇంకా ఉన్నాయి. సభావేదిక అక్కడే. ఇవాళ ఈ చోటు ఎంచుకోవడంలో ఉన్న అర్థం ఐర్లండ్‌లో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. మన సంపాదన మీద, మన ఖర్చు మీద నిర్ణయం మన ఊళ్లో జరగాలని ఒక తరం ప్రాణాలిచ్చింది. ఇప్పుడు యూరోపియన్ కమిషన్, యూరోపియన్ కేంద్ర బ్యాంకు, ఐఎంఎఫ్ మనుషులు డబ్లిన్‌లో దిగి లెక్కలు చూస్తున్నారు.

వేదిక మీదికి పెద్ద యూనియన్ నాయకుడు జాక్ ఓకానర్ వచ్చేసరికి జనంలో ఒక భాగం నుంచి అరుపులు లేస్తాయి. ప్రభుత్వం మీద కాదు, ఆయన మీదే. మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. పక్కవాళ్లకు ఏమీ ఆశ్చర్యం లేదు. 1987 నుంచి యూనియన్ పెద్దలు ప్రభుత్వంతోనూ యజమానులతోనూ ఒకే బల్ల దగ్గర కూర్చుని జీతాల ఒప్పందాలు చేసుకుంటూ వచ్చారు. ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకు బ్యాంకుల సంగతి ముందే ఎందుకు కనబడలేదన్నది కింద నిలబడినవాళ్ల కోపం. ఆ కోపం న్యాయమైనదేనని నా అభిప్రాయం. అయితే ఆ అరుపుల్లో కోపంతో పాటు దిక్కు తోచనితనం కూడా ఉంది. మునిగిన బ్యాంకు పెద్దలెవరూ ఈ వీధిలో లేరు. అప్పిచ్చినవాళ్ల పేర్లు ఇక్కడ చాలామందికి తెలియవు. యూరోపియన్ కేంద్ర బ్యాంకు ఉన్న ఫ్రాంక్‌ఫర్ట్ చాలా దూరం. అరవడానికి ఎదురుగా మైకు ముందు ఉన్న మనిషి ఒక్కడే దొరికాడు.

ఆ జనంలో ఎవరికీ తెలియని సంగతి ఇంకొకటి ఉంది. ఎనిమిది రోజుల ముందు, 19న, యూరోపియన్ కేంద్ర బ్యాంకు అధ్యక్షుడు జాన్ క్లోడ్ ట్రిషే ఐర్లండ్ ఆర్థికమంత్రి బ్రయన్ లెనిహన్‌కు ఒక ఉత్తరం రాశాడు. బెయిలవుట్ కావాలని మీరే అర్జీ పెట్టుకోండి, లేకపోతే మీ బ్యాంకులకు అత్యవసర నిధులకు ఇక అనుమతి ఇవ్వం అని దాని సారాంశం. ఆ ఉత్తరం బయటికి రావడానికి 2014 నవంబరు దాకా పడుతుంది. ఈ వీధిలో నిలబడి గొంతు చించుకుంటున్న వేలమంది, అప్పటికే ముగిసిపోయిన మాట మీద పోరాడుతున్నారు. మర్నాడే ఒప్పందం ప్రకటన వస్తుంది. మొత్తం 8,500 కోట్ల యూరోలు. అందులో 3,500 కోట్లు బ్యాంకుల కోసమే. మొత్తంలో 1,750 కోట్లు ఐర్లండ్ తన సొంత డబ్బులోంచి, ముఖ్యంగా రాబోయే తరాల పింఛన్ల కోసం దాచిన నిధిలోంచి తీసిపెట్టాలి.

ఈ వీధి దాకా రావడానికి కారణమైన రాత్రి ఒకటుంది. ఆ రాత్రికి నిరసన లేదు. ఒక్క ప్లకార్డు లేదు, ఒక్క గొంతు లేదు. రెండేళ్లు వెనక్కి, 2008 సెప్టెంబరు 29కి రండి. మెరియన్ స్ట్రీట్‌లో ప్రభుత్వ భవనం ముందు ఇనుప గేటు దగ్గర నిలబడండి. వీధి ఖాళీగా ఉంది. లోపల దీపాలు వెలుగుతున్నాయి. ఆ రోజు ఒక్కరోజే ఆంగ్లో ఐరిష్ బ్యాంకు షేరు 46 శాతం పడిపోయింది. రియల్ ఎస్టేట్ బిల్డర్లకు చేతికి ఎముక లేనట్టు అప్పులిచ్చిన బ్యాంకు అది. దేశంలోని రెండు పెద్ద బ్యాంకుల ఛైర్మన్లు, ముఖ్య అధికారులు లోపలికి వెళ్లారు. ప్రధాని బ్రయన్ కవన్, లెనిహన్ లోపలే ఉన్నారు. మిగతా మంత్రుల్లో చాలామంది ఇళ్లలో నిద్రపోతున్నారు. అర్ధరాత్రి దాటాక వాళ్లకు ఫోన్లు మోగుతాయి, ఫోన్‌లోనే సమ్మతి తీసుకుంటారు. తెల్లవారి ఏడు కాకముందే ప్రకటన. ఆరు బ్యాంకుల డిపాజిట్లకూ, వాటి అప్పులకూ రెండేళ్ల పాటు దేశమే పూచీ. ఆ పూచీ విలువ దాదాపు 44 వేల కోట్ల యూరోలు, అంటే దేశం ఏడాదంతా ఉత్పత్తి చేసే దానికి రెండింతలకు పైన.

పక్కింటివాడి నోటు మీద జామీను సంతకం పెట్టి పొలం పోగొట్టుకున్న కుటుంబం లేని ఊరు మన దగ్గర అరుదు. సంతకం పెట్టేటప్పుడు అది వట్టి కాగితమే, వాడు ఎలాగూ కడతాడు కదా అనిపిస్తుంది. ఆ రాత్రి ఐర్లండ్ మంత్రులు అనుకున్నదీ అదే. బ్యాంకులకు నగదు కొరతే తప్ప దివాలా లేదని వాళ్ల నమ్మకం. ప్రపంచంలో ఇంతవరకూ జరిగిన బెయిలవుట్లలో ఇదే చవకైనదని లెనిహన్ కొద్ది వారాల తర్వాత అన్నాడు. చివరికి ఆ బ్యాంకుల్లో పోసిన ప్రజల డబ్బు 6,400 కోట్ల యూరోలు. అప్పటి దేశ జనాభా 46 లక్షల లోపు. చంటిబిడ్డతో సహా తలకు దాదాపు 14 వేల యూరోలు.

మొదటి గొంతు లేపినవాళ్లు ముసలివాళ్లు. పూచీ ఇచ్చిన పక్షం రోజులకే, అక్టోబరు 14న బడ్జెట్ వచ్చింది. 70 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఉన్న ఉచిత వైద్య కార్డు ఇక అందరికీ ఉండదన్నారు. 21న వెస్ట్‌లాండ్ రోలోని సెయింట్ ఆండ్రూస్ చర్చి లోపలికి వెళ్లండి. బెంచీలు నిండి నడవల్లో కూడా తెల్లజుట్టు తలలే. ప్రభుత్వం తరఫున వచ్చిన సహాయమంత్రి మైకు ముందుకు రాగానే, జీవితమంతా ఈ కప్పు కింద గొంతు పెంచి ఎరగని మనుషులు అతన్ని మాట్లాడనివ్వకుండా గేలి చేస్తున్నారు. మర్నాడు పార్లమెంటు ముందు 15 వేల మంది దాకా పోగయ్యారు. చేతికర్రలు, చక్రాల కుర్చీలు, వాన కోట్లు. అదే రోజు ఫీజుల మీద ఊరేగింపు తీసిన విద్యార్థులు వచ్చి వాళ్లతో కలిశారు. బ్యాంకులకు ఒక్క రాత్రిలో 44 వేల కోట్ల పూచీ దొరికింది, మా గుండెజబ్బు మాత్రలకు డబ్బు లేదా అన్న ఒక్క ప్రశ్న ఆ వీధిలో పదివేల నోళ్ల నుంచి వచ్చింది. ప్రభుత్వం వెనక్కి తగ్గి ఆదాయ పరిమితి పెంచింది, చాలామందికి కార్డు నిలిచింది. ఈ మొత్తం కథలో వీధి గట్టిగా గెలిచిన సందర్భాలు చాలా తక్కువ, ఇది అందులో ఒకటి.

పూచీ ఇచ్చి సరిగ్గా రెండేళ్లయిన రోజు, 2010 సెప్టెంబరు 29 తెల్లవారుజామున, పార్లమెంటు గేటుకు అడ్డంగా ఒక సిమెంటు కలిపే లారీ వచ్చి ఆగింది. తిరిగే పీపా మీద విషపు బ్యాంకు ఆంగ్లో అన్న అర్థం వచ్చే ఎర్రటి అక్షరాలు. తోలుకొచ్చింది అప్పుల్లో మునిగిన ఒక బిల్డరు. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. కోర్టు అతన్ని నిర్దోషిగా వదిలేసింది. ఆ లారీ గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు గానీ, నన్ను పట్టి నిలిపింది అది కాదు. అంతకంటే చిన్నది, అంతకంటే చాలా పొడుగైనది మరొకటి ఉంది.

డబ్లిన్ వదిలి నైరుతి దిక్కుగా రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు రండి. దారి పొడుగునా పట్టణాల శివార్లలో సగం కట్టి వదిలేసిన ఇళ్ల కాలనీలు కనిపిస్తాయి. కిటికీలకు చెక్కలు కొట్టి ఉన్నాయి, వీధి దీపాలు వెలగవు, రోడ్డు తారు దాకా రాలేదు. దేశమంతా కలిపి అలాంటివి 2,800కు పైగా లెక్క తేలాయి. కార్క్ జిల్లా ఉత్తర కొసన పచ్చిక బయళ్లు మొదలవుతాయి. పాడి ఆవుల దేశం ఇది. కార్క్ నుంచి లిమరిక్ వెళ్లే పెద్ద రోడ్డు మీద చార్ల్‌విల్ అనే చిన్న పట్టణం, దానికి దక్షిణాన బాలీహే అనే ఊరు. చర్చి, బడి, మైదానం, రోడ్డుకు అటూ ఇటూ ఇళ్లు. ఊరి పేరు ఎవరికైనా తెలిసిందంటే హర్లింగ్ ఆట వల్లే, నలుపు తెలుపు చొక్కాల జట్టు వల్లే.

2011 మార్చి 6, ఆదివారం. ఉదయం ప్రార్థన ముగిసింది. జనం బయటికొచ్చి కార్ల దగ్గర నిలబడి పలకరించుకుంటున్నారు. గుప్పెడు మంది మాత్రం ఇళ్లకు కదల్లేదు. ఒక బ్యానరు విప్పి పట్టుకుని, పెద్ద రోడ్డు మీదికి వచ్చి నడవడం మొదలుపెట్టారు. మీరూ వాళ్లతో కలవండి. పిలిచింది డియర్మడ్ ఓఫ్లిన్, ఈ ఊరివాడే, ఐరిష్ ఎగ్జామినర్ పత్రికలో హర్లింగ్ ఆటల గురించి రాసే విలేఖరి. ఆయన ఆర్థికవేత్త కాదు, రాజకీయ నాయకుడు కాదు. ముందు ఉపన్యాసం లేదు, తర్వాత తీర్మానం లేదు. బాలీహే ఒప్పుకోదు అన్న మాట చాలు. లిమరిక్ వైపు పోయే కార్లు, లారీలు వేగం తగ్గిస్తున్నాయి. కొందరు హారన్ కొట్టి చెయ్యి ఊపుతారు, కొందరు ఏమిటిదన్నట్టు చూసి పోతారు. కాసేపు నడిచి, వెనక్కి తిరిగి, చర్చి దగ్గరికి వచ్చి ఇళ్లకు వెళ్లారు. వచ్చే ఆదివారం మళ్లీ.

ఆ రోజు ఎందుకు మొదలుపెట్టారో గుర్తుంచుకోవాలి. తొమ్మిది రోజుల ముందే ఎన్నికలు జరిగాయి. బ్యాంకులకు పూచీ ఇచ్చిన ఫియనా ఫాల్ పార్టీని జనం 20 సీట్లకు దించేశారు, ఆ పార్టీ చరిత్రలో ఎన్నడూ లేని ఓటమి. ప్రచారంలో లేబర్ పార్టీ నాయకుడు ఈమన్ గిల్మోర్, ఫ్రాంక్‌ఫర్ట్ దారా, లేబర్ దారా తేల్చుకోండని ఓటర్లను అడిగాడు. బాలీహేలో మొదటి అడుగు పడిన ఆదివారమే డబ్లిన్‌లో లేబర్ ప్రతినిధులు సభ పెట్టి సంకీర్ణ ప్రభుత్వంలో చేరడానికి ఆమోదం తెలిపారు. కొత్త ప్రభుత్వం వచ్చింది కదా, చూద్దాం అని అందరూ ఊపిరి బిగబట్టి ఉన్న వేళ. బాలీహే ఎదురుచూడలేదు. 25 రోజులకే, మార్చి 31న, బ్యాంకులకు మరో 2,400 కోట్ల యూరోలు కావాలని లెక్క తేలింది. ఆంగ్లోకు అప్పిచ్చినవాళ్ల మీద కొంతయినా నష్టం వేద్దామని కొత్త ఆర్థికమంత్రి మైకల్ నూనన్ అనుకున్నాడు. అదే రోజు ట్రిషే ఫోన్ చేసి, అలా చేస్తే బాంబు పేలేది ఇక్కడ కాదు, డబ్లిన్‌లోనే అన్నట్టు హెచ్చరించాడని నూనన్ తర్వాత పార్లమెంటు విచారణ సంఘం ముందు చెప్పాడు. నష్టం వేయలేదు.

బాలీహే రోడ్డు మీద నడుస్తూ వినండి. ఇక్కడి మాటల్లో కోపం కంటే లెక్క ఎక్కువ. బ్యాంకులో డబ్బు దాచుకున్నవాడి సంగతి వేరు, వాడి డబ్బు కాపాడవద్దని ఇక్కడ ఎవరూ అనడం లేదు. బాండ్లు కొని బ్యాంకుకు అప్పిచ్చినవాడు వేరు. వాడు వడ్డీ ఆశతో, నష్టం రావచ్చని తెలిసే ఇచ్చాడు. బ్యాంకు మునిగితే ఆ నష్టం వాడిదే కావాలి, వ్యాపారం అంటేనే అది. బ్యాంకు బాగున్నప్పుడు వచ్చిన వడ్డీలో బాలీహేకు వాటా రాలేదు. మునిగాక అసలు మాత్రం బాలీహే కట్టాలి. 2008 నాటి పూచీ గడువు 2010లోనే తీరిపోయింది. తీరిపోయాక కూడా, ఏ హామీ లేని బాండ్లకు కూడా, పూర్తిగా చెల్లిస్తూనే ఉన్నారు.

2012 జనవరి 25న అలాంటి ఒక చెల్లింపు పడింది, 125 కోట్ల యూరోలు. ఆంగ్లో అప్పటికే ఖాతాదారులెవరూ లేని శవం లాంటి బ్యాంకు. ఆరు రోజుల ముందు డబ్లిన్‌లో కమిషన్, యూరోపియన్ కేంద్ర బ్యాంకు, ఐఎంఎఫ్ త్రయం అధికారుల పత్రికా సమావేశంలో సీనియర్ పాత్రికేయుడు విన్సెంట్ బ్రౌన్ లేచి, ఈ దేశపు జనానికి సంబంధం లేని బాండ్లకు ఈ జనం ఎందుకు కట్టాలో చెప్పమని యూరోపియన్ కేంద్ర బ్యాంకు ప్రతినిధి క్లౌస్ మాసుక్‌ను అడిగాడు. ప్రభుత్వానికి అది కష్టమైన నిర్ణయమన్నట్టు ఆయన ఏదో చెప్పాడు. బ్రౌన్ కూర్చోలేదు. మీరు ప్రశ్నకు జవాబు చెప్పలేదన్నాడు, మళ్లీ అడిగాడు. జవాబు రాలేదు. ఆ వీడియో దేశమంతా చూసింది. బాలీహే పది నెలలుగా ప్రతి ఆదివారం అడుగుతున్నది అదే ప్రశ్న. పండితులకూ పార్లమెంటుకూ కొరుకుడుపడనంత క్లిష్టమైన విషయమని చెప్పిన దాన్ని ఒక పల్లె ఒక్క వాక్యంలోకి తెచ్చింది. ఎన్ని వాదనలు చదివినా ఆ వాక్యానికి సరైన సమాధానం నాకు ఇంతవరకూ కనబడలేదు. యూరప్ బ్యాంకులన్నీ ఒకదానిమీద ఒకటి పడతాయన్న భయం నిజమే కావచ్చు. ఆ భయం యూరప్ అంతటిదైతే, దాని ఖరీదు యూరప్ అంతా పంచుకోవాలి గదా.

వారాలు గడుస్తాయి. చార్ల్‌విల్ పట్టణం వాళ్లు వచ్చి కలిశారు. వాన పడ్డ ఆదివారం నడిచారు, పండగ ఆదివారం నడిచారు. ఒక్కోసారి పదిమంది, ఒక్కోసారి చాలామంది. మధ్యలో ఊళ్లు ఖాళీ అవుతున్నాయి. 2012 ఏప్రిల్‌తో ముగిసిన ఒక్క ఏడాదిలో 87 వేల మంది దేశం వదిలి వెళ్లారు. నిరుద్యోగం 15 శాతం దరిదాపుల్లో ఉంది. పల్లె జట్లకు ఆడేందుకు కుర్రాళ్లు చాలడం లేదు. హర్లింగ్ గురించి రాసే మనిషి బాండ్ల గురించి రాయడం మొదలుపెట్టాడంటే అందులో వింతేమీ లేదు.

ఇప్పుడు బాలీహే గురి ప్రోనోట్ల మీదికి మారింది. అవును, మన షావుకారు దగ్గర రాసిచ్చే ప్రోనోటు లాంటివే. ఆంగ్లోనూ, పూచీ పొందిన ఆరింటిలో మరొకటైన ఐరిష్ నేషన్‌వైడ్‌నూ నిలబెట్టడానికి ప్రభుత్వం దగ్గర నగదు లేక 2010లో సుమారు 3,100 కోట్ల యూరోలకు ప్రోనోట్లు రాసిచ్చింది. ఏటా మార్చి 31న 310 కోట్లు కట్టాలి. ఆ డబ్బు ఆ చచ్చిన బ్యాంకు గుండా ఐర్లండ్ కేంద్ర బ్యాంకుకు చేరుతుంది, అక్కడ ఖాతాల్లోంచి తుడిచేస్తారు. అత్యవసర అప్పు కింద అప్పట్లో కేంద్ర బ్యాంకు కొత్తగా పుట్టించిన డబ్బు కాబట్టి, తిరిగొచ్చాక మాయం కావాలన్నది నియమం. వైద్య కార్డులు కోసి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల సహాయకుల గంటలు కోసి, అప్పు తెచ్చి, ఆ డబ్బును లేకుండా చేయడం. రోడ్డు మీద ఇది మొదటిసారి విన్నవాళ్లు నమ్మరు. నమ్మించడానికే బాలీహే వాళ్లు ఊరూరా తిరిగారు, తమ గోడును యూరప్ దాకా మోసుకెళ్లారు.

2013 ఫిబ్రవరి 6 రాత్రి డబ్లిన్‌లో మళ్లీ దీపాలు ఆరలేదు. పార్లమెంటు అర్ధరాత్రి దాటే దాకా కూర్చుని ఆ చచ్చిన బ్యాంకును మూసేసే చట్టం చేసింది. అధ్యక్షుడు మైకల్ డి. హిగిన్స్ ఇటలీ పర్యటన మధ్యలో ఆపుకుని వచ్చి తెల్లవారుజామున సంతకం పెట్టాడు. ప్రోనోట్లు పోయాయి. వాటి బదులు 2,500 కోట్ల యూరోల ప్రభుత్వ బాండ్లు వచ్చాయి, చివరిది 2053లో తీరుతుంది. ఏటా 310 కోట్ల భారం తప్పిందని ప్రభుత్వం సంతోషించింది. ఊరట నిజమే, కాదనలేం. 9న యూనియన్లు ఆరు చోట్ల ఊరేగింపులు తీశాయి.

10వ తేదీ ఆదివారం. బాలీహే చర్చి దగ్గర బ్యానరు మళ్లీ విప్పారు. ప్రోనోటు చించి బాండు రాసిచ్చినంత మాత్రాన అప్పు మనది ఎలా అవుతుందన్నది ఇక్కడి వాదన. వాయిదా పెరిగింది, మొత్తం తగ్గలేదు. ఆ బాండ్లు కేంద్ర బ్యాంకు బీరువాలో ఉన్నాయి. అమ్మిన ప్రతి బాండూ బయటివాళ్ల చేతికి వెళ్లి నిజమైన అప్పుగా మారుతుంది, దాని మీద వచ్చే సొమ్ము మళ్లీ మాయమవుతుంది. కాబట్టి అమ్మకండి, రద్దు చేయండి అన్నది ఇప్పుడు వాళ్లు అడుగుతున్నది. 2014లో ఓఫ్లిన్ స్వతంత్ర అభ్యర్థిగా యూరోపియన్ పార్లమెంటుకు పోటీ చేసి ఓడిపోయాడు. మొదటి ప్రాధాన్యపు ఓట్లు వేల సంఖ్యలో పడ్డాయి. ఆ ఏడాదే కేంద్ర బ్యాంకు బాండ్లు అమ్మడం మొదలుపెట్టింది. ఆంగ్లో, ఐరిష్ నేషన్‌వైడ్‌లలో పోసిన దాదాపు 3,500 కోట్ల యూరోలు తిరిగి రాలేదు. ఆ బ్యాంకులకు అప్పిచ్చి పూర్తిగా రాబట్టుకున్నవాళ్లు ఎవరెవరో ఐర్లండ్ ప్రజల ముందు ప్రభుత్వం అధికారికంగా జాబితా పెట్టలేదు.